"హి హి" తర్వాత ఆ "స్"

మా తెలుగు మాస్టారు రష్యన్ రచయిత చెహోవ్ కథ ఒకటి క్లాసులో చెప్పేవారు. రైల్వే స్టేషన్లో ఒక లావాయన, ఒక సన్నాయన కలుస్తారు, చిన్ననాటి స్నేహితులు. లావాయన హోదా వినగానే సన్నాయన పాలిపోయి "హి హి..." అంటాడు. ఆ తర్వాత మాస్టారు అన్నది "చిత్తం" అనా, "అండి" అనా? వారం నుంచి బుర్ర తొలిచేస్తోంది, అందుకే ఈ గ్రూపులో అడుగుతున్నాను.

రష్యన్ చదివినాయన: మూలంలో "హి హి స్". ఆ "స్" మన "అయ్యా" లాంటి "సూదర్" అనే మాటకి మిగిలిన తోక. "చిత్తం" నిండు మాట, తోక కాలేదు. కాబట్టి "అండి"యే.

గోదావరి సభ్యుడు: "అండి" మేం పాలబ్బాయితో కూడా అంటాం, అందులో వణుకు ఏదండీ? "హి హి, ఆయ్" అని చదివి చూడండి.

కరీంనగర్ సభ్యుడు: "ఆయ్"లో ప్రేమ ఉందన్నా, భయం లేదు. అక్కడ సన్నాయన కొడుకు నఫనయీల్ యూనిఫాం గుండీలన్నీ పెట్టేసుకుని అటెన్షన్‌లో నిలబడతాడు. "దొరా" అనకపోతే ఆ భయం రాదు.

రష్యన్ చదివినాయన: దొరతనం కాదు తమ్ముడూ, సర్కారు కొలువులో మెట్లు. 1722లో రష్యా చక్రవర్తి పీటర్ పెట్టిన పట్టికలో 14 తరగతులు, ఒకటోదే అన్నిటికన్నా పైది. లావాయనది 3, సన్నాయనది 8. 1883లో మొదట అచ్చయినప్పుడు లావాయన ఇతనికి పైఅధికారే. 1886లో తిరగరాసినప్పుడు చెహోవ్ ఆ సంబంధం తీసేశాడు. ఉద్యోగం పోతుందన్న టెన్షన్ కూడా లేదు. ఉత్త మెట్టుకే వంగాడు.

మరో సభ్యురాలు: "స్" అంటే వంగడమేనని ఎందుకు తీర్మానించేశారు? దస్తయేవ్‌స్కీ "నేరము - శిక్ష" నవల దగ్గరికి రండి. దర్యాప్తు అధికారి పొర్ఫీరీ దాదాపు గుసగుసగా, హత్య చేసిన రస్కోల్నికొవ్‌తో "మీరే చంపారు" అని, చివర అదే "స్" తగిలిస్తాడు. "మీరే చంపారండి" అని చదవండి, ఒళ్లు జలదరిస్తుంది. ఇక ఆయనదే కరమజొవ్ సోదరుల కథలో స్నెగిర్యోవ్ అనే బీద కెప్టెన్! ఆ తోక పేరు స్లొవొయెర్స్ కదా, తన ఇంటిపేరు స్లొవొయెర్సొవ్ అని ఉండాల్సిందంటాడు. అవమానాల్లోనే అది నోటికి అంటుకుంటుందంటాడు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను.

గోదావరి సభ్యుడు: అమ్మా, పొర్ఫీరీ కోసం "అండి"కి ఒప్పుకుంటున్నాను. మరి "హి హి అండి" అని విడగొట్టాలా, "హిహీండి" అని కలపాలా? కలిపితేనే నవ్వు గొంతులో ఇరుక్కున్నట్టుంది.

రష్యన్ చదివినాయన: కలిపితే తోక కనబడదు. విడిగానే ఉండాలి.

కరీంనగర్ సభ్యుడు: 1917 నవంబరులో, విప్లవం వచ్చాక, రష్యాలో సర్కారు కొలువు హోదాలన్నీ రద్దు చేశారు కదా, ఈ తోక కూడా పోయిందా?

రష్యన్ చదివినాయన: పాతకాలపు డాక్టర్లు, ప్రొఫెసర్ల నోట ఆ తర్వాత కూడా కొన్నాళ్లు వినబడింది.

అడిగినవాడిని: "హిహీండి" పైకి అని చూశాను. మాస్టారు ఆ చోట కండువా తీసి చంకలో పెట్టుకుని, కొంచెం ముందుకు వంగేవారు. అదొక్కటే కళ్లకు కట్టినట్టుంది.