నిర్వాహకుడు

సమస్య: "నీరు పోయఁ దీగ నిలువునెండె"

మన వైజాగ్ పద్యాల గుంపుకి ఈ వారం సమస్య ఇదే, మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. ఛందస్సు ఆటవెలది, ఇచ్చింది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే. 'నీ'కి నాలుగో గణం మొదట 'ని'తో యతి కుదిరింది. 'పోయన్' ద్రుతాంతం (చివర 'న్' ఉన్న మాట) కాబట్టి 'తీగ' కాస్తా 'దీగ' అయింది. అది అచ్చుతప్పు కాదు, దిద్దకండి.

నీళ్ళు పోస్తే తీగ ఎండడమేమిటని అడుగుతారు కదా. నిరుడు శ్రావణంలో మా బాల్కనీలో జరిగిందే పాదంగా ఇచ్చాను. అమ్మ చేత్తో తుంచి ఇచ్చిన కణుపు నుంచి పెరిగిన మనీప్లాంటు అది. ఆరేళ్ళు కిటికీ ఊచలు పట్టుకుని పాకింది, పది రోజుల్లో పోయింది. నా పూరణ చివర్లో పెడతాను. ముందు మీవి రానివ్వండి.

గాజువాక నుంచి ఒక సభ్యుడు

కుండకింద చిల్లి కూడ లేకున్నను
పూటపూట చెంబు పోసి పోసి
వేరు కుళ్ళిపోయె విడువక తడి యుండ
నీరు పోయఁ దీగ నిలువునెండె

మాస్టారూ, మా ఆవిడ అందమైన పింగాణీ కుండీ కొంది. అడుగున రంధ్రం లేదు. తరవాత జరిగిందంతా పద్యంలో ఉంది.

నిర్వాహకుడు

తమ్ముడూ, పూరణ బాగుంది. 'పూటపూట చెంబు' వినగానే చెయ్యి కనిపిస్తోంది. 'విడువక తడి యుండ' దగ్గర మూడో పాదం నిలబడింది. ఒకటే లోపం, అది వ్యాకరణానిది. 'పోసి పోసి వేరు కుళ్ళిపోయె' అన్నావు. పోసింది మనిషి, కుళ్ళింది వేరు. క్త్వార్థానికి ('పోసి' లాంటి అసమాపక క్రియకి), దాని వెనక వచ్చే క్రియకి కర్త ఒకరే ఉండాలి. నువ్వు రాసినట్టయితే వేరు తానే చెంబు పట్టుకుని నీళ్ళు పోసుకున్నట్టు అర్థం వస్తుంది. 'పూటపూట చెంబు పోయుచుండ' అను. గణాలు చెడవు, పూ–పో యతి అలాగే ఉంటుంది.

ఆ పింగాణీ కుండీ పారెయ్యొద్దు. చిల్లులున్న చిన్న ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టి దాన్ని అందులో దింపు. నీళ్ళు పోసినప్పుడు బయటికి తీసి, పూర్తిగా ఓడనిచ్చి, మళ్ళీ దింపు. అడుగున నీళ్ళు నిలవనివ్వకు, వేళ్ళ సంగతి అటుంచు, దోమలు గుడ్లు పెడతాయి. డెంగీ దోమకి కావలసింది మన ఇంట్లో నిలవున్న శుభ్రమైన నీరే.

సీతమ్మధార నుంచి ఒక సభ్యురాలు

నాకు సమస్య మీదే అభ్యంతరం ఉంది మాస్టారూ. నీళ్ళెక్కువైతే తీగ కుళ్ళుతుంది కానీ ఎండదు కదా? 'ఎండె' అనడం ప్రాస కోసం అన్నట్టుంది.

నిర్వాహకుడు

అమ్మా, ఆటవెలదిలో ప్రాస నియమమే లేదు. కాబట్టి ఆ మాట ప్రాస కోసం రాలేదు, కళ్ళతో చూసి వేశాను.

వేరుకి నీరెంత అవసరమో గాలీ అంతే. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉంటుంది. ఆ సందులన్నీ నీటితో నిండి అలాగే ఉండిపోతే వేరుకి ఆక్సిజన్ అందదు. కొసల నుంచి చావడం మొదలవుతుంది, చచ్చిన చోట పిథియం లాంటి బూజు తెగుళ్ళు పట్టుకుంటాయి. వేరు పోయాక ఆకుకి నీరు అందించేదెవరు? చుట్టూ తడి ఉన్నా ఆకుకి మాత్రం కరువే. ముందు కింది ఆకులు పసుపుపచ్చగా మారతాయి, తరవాత తీగంతా సొమ్మసిల్లినట్టు వాలుతుంది. నేను కుండీలోంచి ఊడదీసి చూశాను. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉండాలి. నా చేతికి గోధుమరంగు జిగురు వచ్చింది. వేరుని రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతొక్క జారిపోయి, లోపల దారప్పోగు ఒక్కటే మిగిలింది. మురుగుకాలవ వాసన. పైన ఆకు మాత్రం అప్పడంలా ఎండి గలగలమంది. అందుకే 'ఎండె' అన్నాను.

సీతమ్మధార

ఒప్పుకున్నాను మాస్టారూ. మరి మన వైజాగ్ ఉక్కపోతకి మనమే గంటకో గ్లాసు తాగుతాం, మొక్కకి ఎక్కువ పోయాలి కదా అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ.

నిర్వాహకుడు

ఇక్కడే అందరం పొరపాటు పడతాం. ఉక్కపోతంటే గాలిలో అప్పటికే తేమ నిండి ఉండడం. మన చెమట ఆరదు, ఆకు నుంచి నీరూ ఎగరదు, కుండీలో మట్టీ ఆరదు. సముద్రగాలి తడి మోసుకొచ్చే ఊరు మనది. హైదరాబాదులో చుట్టాలు 'రెండు రోజులకోసారి పోస్తాం' అంటే ఆ లెక్క మనకి పనికిరాదు. వానాకాలంలో మా ఇంట్లో పది రోజులకోసారి పోసినా చాలుతోంది. ఏసీ గదిలో పెట్టినవాళ్ళ లెక్క మళ్ళీ వేరు, అక్కడ గాలి పొడిగా ఉంటుంది.

తెల్లవారుజామున ఆకు కొసన ఒక చుక్క వేలాడుతుంటే చూశారా? మంచు అనుకుంటారు. రాత్రి గాలి తేమగా ఉండి ఆకు నుంచి నీరు ఎగరకపోతే, వేరు తోసిన నీరు ఆకు అంచున చుక్కగా దిగుతుంది. ఆ చుక్క కనిపించిన రోజున చెంబు ముట్టుకోకండి.

పెదవాల్తేరు నుంచి ఒక పెద్దాయన

కడలి చెంత నింటఁ గలబావి నుండి నేఁ
దోడి తోడి తెచ్చి తొట్టిలోన
నాకుకొసలు మాడ ననుదినమా యుప్పు
నీరు పోయఁ దీగ నిలువునెండె

నిర్వాహకుడు

బాబాయిగారూ, నమస్కారం. సమస్యలోని 'నీరు'ని ముందు పాదం చివరి 'ఉప్పు'తో కలిపి 'ఉప్పునీరు' చెయ్యడం సిసలైన పూరణ. ఇచ్చిన పాదంలో అక్షరం కదలకుండా అర్థం మారిపోయింది. 'మాడ ననుదినము'లో దాగిన అకారానికి యతి వెయ్యడం చెయ్యి తిరిగినవారికే వస్తుంది. విషయమూ నిజమే. ఉప్పు మట్టిలో పేరుకుంటే తడి ఉన్నా వేరు పీల్చుకోలేదు, ఆకు కొసలు గోధుమరంగుకి తిరుగుతాయి. వాన పడ్డప్పుడు కుండీని బయట పెట్టి బాగా తడవనివ్వండి, అడుగు నుంచి నీరు కారి కారి ఉప్పు కొంత దిగిపోతుంది.

మధురవాడ నుంచి ఒక విద్యార్థిని (మొదటి ప్రయత్నం, తప్పులుంటే క్షమించాలి)

మనీప్లాంటు తెచ్చి మా యింటఁ బెంచంగ
వెలుగు గాలి లేని వెనుక గదిని
మట్టి యారకుండ మరల మరల నేను
నీరు పోయఁ దీగ నిలువునెండె

నిర్వాహకుడు

క్షమాపణ ఎందుకమ్మా, రెండు, మూడు పాదాలు నిర్దోషంగా ఉన్నాయి. చిక్కంతా 'మనీప్లాంటు'తోనే. 'మ' లఘువు, 'నీ' గురువు. లఘువుతో మొదలై వెంటనే గురువు వచ్చే గణం సూర్యగణాల్లో లేదు, ఇంద్రగణాల్లోనూ లేదు. అంటే ఈ మాటతో ఏ గణమూ మొదలుకాదు. అలాగని వదలక్కర్లేదు. ముందు ఒక గురువు తగిలించి పాదం చివర కూర్చు:

ఇంటిలోనఁ బెంచు నీ మనీప్లాంటుకు

'ఈ మనీ' రగణం, 'ప్లాంటుకు' భగణం. ఇ–ఈ యతి. ఇప్పుడు పద్యం నడిచింది.

ఇంకో మాట. 'వెలుగు లేని గదిని' అన్నావు చూడు, ఇప్పటిదాకా ఎవరూ పట్టుకోని కారణం అది. వెలుగు తగ్గితే ఆకు పని తగ్గుతుంది, తాగే నీరూ తగ్గుతుంది. బాల్కనీ మొక్కకి పోసినంతా వెనక గది మొక్కకి పోస్తే అది మునిగినట్టే. మనీప్లాంటు నీడకి ఓర్చుకుంటుంది, నీడని కోరుకోదు. తూర్పు కిటికీ పక్కన పెట్టు. పసుపు చారలు మాసిపోయి ఆకంతా పచ్చగా వస్తుంటే వెలుగు చాలటం లేదని అర్థం.

అక్కయ్యపాలెం నుంచి ఒక సభ్యుడు

మొక్క బతుకు నెట్లు మురిపాన? గోడపై
నెగసి పాకునట్టి దేది చెపుమ?
వాన లేక పైరు పాడయ్యె నేరీతి?
నీరు పోయఁ, దీగ, నిలువునెండె

నిర్వాహకుడు

క్రమాలంకారం. మూడు ప్రశ్నలకి మూడు జవాబులు, వరసగా. అవధానాల్లో చప్పట్లు కొట్టించే పద్ధతి ఇది, మీరు తేలిగ్గా పట్టారు. అయినా నా మనసులో మాట చెప్పాలి. ముక్కలు చేసేసరికి సమస్యలోని బాధ ఎగిరిపోయింది. ఎండిన తీగ ఎవరి ఇంట్లోనూ లేదు. గాజువాక తమ్ముడి పద్యంలో వ్యాకరణం తప్పింది కానీ తీగ ఉంది. నేను ఆ పద్యాన్నే మళ్ళీ చదువుకుంటాను.

ఇదీ నా పూరణ:

దప్పిగొనెను మొక్క తలవాల్చె నని యెంచి
వేలు మట్టిలోనఁ బెట్టకుండ
నూపిరాడనట్టి యూరిన వేళ్ళకు
నీరు పోయఁ దీగ నిలువునెండె

నీళ్ళు చాలకపోయినా ఆకు వాలుతుంది, ఎక్కువైనా వాలుతుంది. చూపుకి రెండూ ఒకటే. తేడా చెప్పేది వేలే. రెండు కణుపుల లోతు దించి, చల్లగా తగిలి మట్టి అంటుకుంటే ఆగాలి. నేను ఆ రోజు వేలు పెట్టలేదు. వాలిన ఆకు చూసి గాభరాపడి ఒకటికి రెండు చెంబులు పోశాను.

పెదవాల్తేరు

'ఊరిన వేళ్ళు' అన్న మాట బాగా పడిందయ్యా. అమ్మగారి తీగ పూర్తిగా పోయిందా మరి?

నిర్వాహకుడు

కుండీలోది పోయింది బాబాయిగారూ. పై కొసన రెండు కణుపులు మాత్రం ఇంకా పచ్చగా ఉన్నాయి. కణుపు కింద గోధుమరంగు బుడిపెలా గాలివేరు ఉంటుందే, అది మునిగేలా గాజుసీసాలో పెట్టాను. ఆకు మునగనివ్వలేదు, నాలుగు రోజులకోసారి నీళ్ళు మార్చాను. మూడో వారంలో తెల్లటి వేరు వచ్చింది. ఇప్పుడు ఇసక, కొబ్బరిపొట్టు కలిపిన ఎర్రమట్టిలో ఉంది. తొమ్మిది ఆకులు.

మధురవాడ

మాస్టారూ, మా మొక్కలో ఇప్పుడే వేలు పెట్టి చూశాను. పైన పొడిగా ఉంది, లోపల బురద. కుండీ కిటికీ దగ్గరికి మార్చాను. దిద్దిన పద్యం నోట్‌బుక్‌లో రాసుకున్నాను.