పదహారేండ్ల పిల్లకు పెండ్లి, ఎట్ల ఆపేది?

పలమనేరు నుంచి అడుగుతాండా. మా అన్న కూతురికి 16. పది పాసైంది, వచ్చే నెల్లో మేనమామతో పెండ్లంట. ఏడాదిలో మునిమనవరాలికి కొడుకని మా అవ్వ మురిసిపోతాంది. ఏం చేసేది?

జవాబు: చిత్తూరు పక్క పల్లెల్లో ఏఎన్ఎంగా చేసినా అక్కా. ఆ వయసు కాన్పుల్లో రక్తం తక్కువ, బీపీ పెరిగి ఫిట్స్, బరువు లేని బిడ్డలు. ఒక పిల్లకు హిమోగ్లోబిన్ 6. బతికింది గానీ మళ్లీ బడి మొగం చూడలే. అవ్వకు చట్టం కాదు, ఈ కత చెప్పండి.

జవాబు: చట్టమూ చెప్పాల. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం కింద పెండ్లి చేసినోళ్లకు 2 ఏండ్ల దాకా జైలు. వినకుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

అడిగినామె: చెప్పినా. "నా తొలికాన్పూ పదిహేనుకే, బిడ్డ దక్కలే" అనింది అవ్వ. ఇన్నేండ్లలో ఆ మాట ఎప్పుడూ ఎత్తలే. రేపు అన్నతో తనే మాట్లాడుతాదంట.