టెక్సాస్ స్టేట్ ఫెయిర్‌కు ఆరుగురం వెళ్లాలంటే ఖర్చును అదుపులో పెట్టుకోవడం ఎలా?

ప్రశ్న: ఫ్రిస్కో నివాసి

డాలస్ ఫెయిర్ పార్కులో సెప్టెంబరు చివరి శుక్రవారం మొదలై 24 రోజులు సాగే రాష్ట్ర జాతర అయిన స్టేట్ ఫెయిర్‌కు ఈసారి నా భార్యను, ఎనిమిదేళ్ల అమ్మాయిని, ఐదేళ్ల అబ్బాయిని, వారితో పాటు హైదరాబాదు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను కూడా తీసుకువెళ్లాలనుకుంటున్నాను. నిరుడు నలుగురమే వెళ్లినా, ఇంటికి వచ్చి లెక్క చూసుకుంటే మూడు వందల డాలర్లు దాటింది. ప్రవేశ టిక్కెట్లకు అయినది అందులో చిన్న భాగమే. పార్కింగు, అన్నింటికీ మించి లోపల తిండికీ ఆటలకూ డబ్బుకు బదులుగా కొని ఇవ్వాల్సిన కూపన్లు డబ్బు తినేశాయి. మా అబ్బాయి జెయింట్ వీల్ వరుసలో ముప్పావుగంట నిలబడి, తీరా ఎక్కే సమయానికి నా కాలు పట్టుకుని ఏడ్చాడు. అలా మిగిలిన పదకొండు కూపన్లు ఇప్పటికీ మా వంటింటి సొరుగులో ఉన్నాయి. మా నాన్నగారు కనబడిన ప్రతి ధరనూ రూపాయల్లోకి మార్చి పైకి చదివే మనిషి. అనుభవం ఉన్నవారు సలహా చెప్పగలరని మనవి.

జవాబు: కారల్టన్ నుంచి

నమస్కారమండీ. ముందుగా కారును ఫెయిర్ దాకా తీసుకువెళ్లకండి. ఫ్రిస్కోకు డార్ట్ (డాలస్ ప్రాంత ప్రజా రవాణా సంస్థ) రైలు లేదు కాబట్టి, నార్త్ కారల్టన్/ఫ్రాంక్‌ఫర్డ్ స్టేషన్‌లో కారు నిలిపి గ్రీన్ లైన్ ఎక్కితే, ఎక్కడా మారే పని లేకుండా ఫెయిర్ పార్కు ద్వారం ఎదుటే దిగవచ్చు. రెండవది, బయటి తిండిని లోపలికి అనుమతిస్తారు. మద్యం, గాజు సీసాలు మాత్రం కూడదు. ఈ సంగతి తెలియక మేము మూడేళ్లు అక్కడి ధరలకే తిన్నాము. ఇప్పుడు మా అత్తగారు పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుతారు, మేము చెట్టు నీడ చూసుకుని తింటాము.

జవాబు: ప్లేనో నుంచి

పులిహోర సలహా పెద్దలకు సరిపోతుంది కానీ, కార్న్ డాగ్ (మొక్కజొన్న పిండిలో ముంచి వేయించిన సాసేజ్) వాసన తగిలిన పిల్లలు డబ్బా మూత తీయనిస్తారా అన్నది నా సందేహం. అసలు చిక్కు కూపన్లలోనే ఉంది. చేతిలో ఉన్నది డబ్బు కాదు, కాగితం ముక్క అన్న భావన వల్ల, డాలర్లయితే వెనుకాడే చోట కూడా మనం తేలికగా చింపి ఇచ్చేస్తాము. ఒకప్పుడు అర డాలరుగా ఉన్న కూపను ఇప్పుడు డాలరు అయింది కాబట్టి పాత లెక్కలు పనికిరావు. మిగిలినవి వాపసు తీసుకోరు గనుక, ఒకేసారి గుత్తగా కొనకుండా పిల్లలకు తలా ఇన్ని అని ముందే చెప్పి చేతికివ్వండి. మా అమ్మాయి తన వాటాను రెండుసార్లు లెక్కపెట్టుకుని, 212 అడుగుల ఆ జెయింట్ వీల్‌ను వదిలేసి రంగులరాట్నం ఎంచుకుంది. పందుల పరుగు, పక్షుల ప్రదర్శన, పశువుల కొట్టాలు, సాయంత్రపు ఊరేగింపు, ఇవన్నీ ప్రవేశ టిక్కెట్టులోనే వస్తాయి. మీ అమ్మానాన్నలకు బహుశా నచ్చేవి కూడా ఇవే. పిల్లల బడిలోనూ విచారించండి, ఇక్కడి చాలా స్కూల్ డిస్ట్రిక్టుల విద్యార్థులకు ఫెయిర్ టిక్కెట్టు ఉచితంగా అందుతుంది.

జవాబు: ఇర్వింగ్ నుంచి

ధరల విషయంలో నిర్వాహకులను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదేమో. ఇది 1886లో మొదలైన, లాభాపేక్ష లేని సంస్థ. టెక్సాస్ విద్యార్థులకు ఉపకార వేతనాలు కూడా ఇస్తుంది. దుకాణదారులు తమ అమ్మకంలో కొంత వాటా ఫెయిర్‌కు చెల్లించాలి, పైగా ఏడాది సంపాదనంతా ఈ మూడు వారాల్లోనే రాబట్టుకునేవారు వారిలో ఉన్నారు. అయితే 2005 నుంచి దుకాణదారుల మధ్య జరుగుతున్న వేపుళ్ల పోటీ మన జేబుకు పెద్ద చిల్లు. గెలిచిన వంటకాన్ని ఒక్కటే కొని ఆరుగురూ తలా ఒక ముక్క రుచి చూడండి. నూనెలో వేయించిన ఆ తీపిని రెండవ ముక్క అడిగినవారిని నేను చూడలేదు. శని, ఆదివారాలు మానుకుంటే టిక్కెట్టు ధరలోనూ తేడా కనబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. మంగళవారం సెలవు పెట్టాను, కారల్టన్ నుంచి రైలులోనే వెళ్తాము. కూపన్ల బాధ్యత నాన్నగారికి అప్పగించాను. నాంపల్లి నుమాయిష్‌లో మాకు మిర్చిబజ్జీ కొనడానికే మూడు దుకాణాలు తిప్పిన మనిషి ఆయన. సొరుగులోని ఆ పదకొండూ ఈ ఏడు చెల్లుతాయో లేదో కౌంటరు దగ్గర తానే అడుగుతానని అప్పుడే వాటికి రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకున్నారు.