స్టెయిన్ పట్టించిన బల్లపై ఏ పూత: గట్టిగా నిలిచేదా, సులువుగా బాగుచేసుకోగలిగేదా?

చిత్రిక:
భోజనాల బల్ల ఒకటి స్వయంగా చేసుకున్నాను. లేత రంగు చెక్క కావడంతో నూనె ఆధారిత ముదురు గోధుమ స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) పట్టించి, మిగులును గుడ్డతో తుడిచి ఒక రాత్రి ఆరనిచ్చాను. దానిపై వేయవలసిన పారదర్శక పూత విషయంలో నాకు తెలిసిన ఇద్దరు పనివారు ఒకరి మాటకు ఒకరు పొంతన లేని సలహాలు ఇచ్చారు. పాలియురేథేన్ (ప్లాస్టిక్ లాంటి గట్టి పొరగా ఆరే వార్నిష్) తప్ప మరొకటి నిలవదని ఒకరు, లక్క పాలిష్ (స్పిరిట్‌లో కరిగించిన లక్క) అయితే ఎప్పుడు దెబ్బ తగిలినా సరిచేసుకోవచ్చని మరొకరు అంటున్నారు. ఇద్దరి మాటా పక్కన పెట్టి, మిగిలిన చెక్కముక్కపై నీటి ఆధారిత పాలియురేథేన్ వేసి చూశాను. అది చుక్కలు చుక్కలుగా విడిపోయింది, ఆరిన తరువాత గోటితో గీకితే పొరలా లేచి వచ్చింది. దేన్ని ఎంచుకోవాలో కారణాలతో సహా చెప్పగలరు.

ఉలి:
స్టెయిన్ చెక్కకు రంగు మాత్రమే ఇస్తుంది, రక్షణ ఇవ్వదు. కాబట్టి నీళ్ళు, నూనె, వేడి పాత్రలు అన్నింటినీ పై పూతే తట్టుకోవాలి. లక్క సుమారు 75 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, ఆల్కహాలు తగిలితే కరుగుతుంది, తడి గ్లాసు కాసేపు నిలిస్తే తెల్లని వలయం మిగులుతుంది. భోజనాల బల్లపై ఈ మూడూ రోజూ జరిగేవే. నూనె ఆధారిత పాలియురేథేన్ పలుచగా మూడు పూతలు వేయండి. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు ఆగి, 320 నంబరు ఉప్పు కాగితంతో తేలికగా రుద్దండి. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది గాని పూర్తిగా గట్టిపడడానికి నెల రోజులు పడుతుంది. ఈలోగా బల్లపై గుడ్డ పరచకండి. దీనికి కొద్దిగా తేనెరంగు ఉన్నా, ముదురు గోధుమ స్టెయిన్‌పై అది వన్నెగానే కనిపిస్తుంది. బూడిద రంగు, తెల్లటి స్టెయిన్లపై మాత్రం పసుపు తేలుతుంది కనుక అక్కడ నీటి ఆధారిత పూతే మేలు.

నూనెగుడ్డ:
ఉలి గారు చెప్పిన లెక్కలన్నీ నిజమే. అయితే అవి ఏ చెక్కకైనా వర్తించే లెక్కలు. ఇక్కడి ప్రశ్న స్టెయిన్ పట్టించిన చెక్క గురించి, ఈ తేడాను చాలామంది పట్టించుకోరు. రంగు వేయని టేకు బల్లపై గీత పడితే గీతలోనూ అదే చెక్క కనిపిస్తుంది. స్టెయిన్ మాత్రం పైపైన ఉండే పలుచని పొర. పూతను చీల్చుకుని దెబ్బ లోపలికి దిగితే ముదురు బల్ల మధ్యలో తెల్లని గాటు నిలిచిపోతుంది, అది దూరం నుంచీ కళ్ళకు కొడుతుంది. అప్పుడు ఆ చోట మళ్ళీ రంగు దిద్ది, మళ్ళీ పూత వేయాలి.

పాలియురేథేన్‌తో చిక్కు వచ్చేది సరిగ్గా అక్కడే. అది ఒకసారి గట్టిపడ్డాక దాని సొంత ద్రావణిలోనే (దాన్ని పలుచచేసే ద్రవంలోనే) కరగదు. కొత్త పూత పాతదానిలో కలిసిపోకుండా, గరుకుచేసిన ఉపరితలాన్ని పట్టుకుని దాని మీద నిలుస్తుంది. అందుకే అరచేయంత చోట అతుకు వేస్తే అతుకు అంచు వలయంలా కనిపిస్తుంది. దాన్ని పోగొట్టాలంటే పైభాగమంతా రుద్దాలి, రుద్దుతున్నప్పుడు అంచుల దగ్గర, మూలల దగ్గర స్టెయిన్ కూడా ఊడివస్తుంది. నేను ఒక అలమరా తలుపుపై ఇలా మూలలను తెల్లగా చేసి, చివరికి మొత్తం గీకేసి మొదటి నుంచి స్టెయిన్ పట్టించవలసి వచ్చింది. ఇందుకు భిన్నంగా, లక్క కొత్త పూత వేయగానే పాతదాన్ని కాస్త కరిగించి అందులో కలిసిపోతుంది, అతుకు జాడ ఉండదు. నైట్రోసెల్యులోజ్ లాకర్‌కూ (త్వరగా ఆరే మరో రకం పారదర్శక పూత) ఇదే గుణం ఉంది, కాని దాని ఆవిర్లు మండే స్వభావం గలవి, ఎక్కువగా పిచికారీ చేయవలసి ఉంటుంది, ఇంట్లో ఆ పని నేను సిఫారసు చేయను.

అందుచేత పూత ఎన్నాళ్ళు నిలుస్తుందనే ప్రశ్నతో పాటు, పాడైన రోజున కింది రంగును కాపాడుకుంటూ బాగుచేయగలమా అన్నది కూడా అడగాలి.

ఉలి:
వాదన బాగుంది గాని తూకం సరిపోలేదు. రోజూ భోజనం చేసే బల్లపై లక్క వేస్తే బాగుచేయవలసిన రోజులు నెలల్లోనే మొదలవుతాయి. ప్రతిసారీ అతుకు సులువే కావచ్చు, కాని పదే పదే అతుకు వేసుకోవడాన్ని కూడా ఖర్చుగానే లెక్కపెట్టాలి. పైగా ఇంట్లో కలుపుకునే లక్క నిల్వ ఉండే సరుకు కాదు. రేకులను స్పిరిట్‌లో కరిగించాక కొన్ని నెలలకే గట్టిపడే గుణం తగ్గుతుంది, అలాంటి పాత ద్రావణం ఎన్నాళ్ళు ఆరబెట్టినా జిగురుగానే ఉండిపోతుంది. వాడేముందు గాజుముక్కపై ఒక చుక్క వేసి చూడడం ఆ పనిచేసే ఎవరికైనా తప్పదు.

చిత్రిక:
నా చెక్కముక్కపై పూత ఎందుకు లేచిపోయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

రంపం:
స్టెయిన్ ఆరకపోవడమే కారణం. నూనె ఆధారిత స్టెయిన్‌పై నీటి ఆధారిత పూత వేయాలంటే కనీసం 24 గంటలు, గాలిలో తేమ ఎక్కువగా ఉంటే 72 గంటలు ఆగాలి. గంటల లెక్క కన్నా ముక్కును నమ్మడం మంచిది. దగ్గరగా వాసన చూస్తే టర్పెంటైన్ వాసన ఇంకా వస్తోందంటే, లోపలి ద్రావణి ఇంకా ఆవిరవుతూనే ఉంది. తుడవకుండా మిగిల్చిన రంగు చెక్క రంధ్రాల్లో పేరుకుంటే ఇంకా ఆలస్యమవుతుంది. నూనె ఆధారిత పూతతో చిక్కు వేరేలా ఉంటుంది: దాని ద్రావణి, స్టెయిన్ ద్రావణి ఒకే జాతివి కనుక, ఆరని స్టెయిన్‌పై బ్రష్ అటూ ఇటూ తిప్పితే రంగు కరిగి చారలుగా సాగుతుంది.

ఈ రెండు చిక్కులకూ ఒకే మార్గముంది, పైన జరిగిన వాదంలోని లక్కే అది, ఇక్కడ దాని పని మాత్రం వేరు. స్టెయిన్ ఆరిన తరువాత మైనం తీసిన లక్కను లీటరు స్పిరిట్‌కు సుమారు 120 గ్రాముల రేకుల చొప్పున పలుచగా కలిపి ఒక పూత వేయండి. అది స్టెయిన్‌ను కింద బంధించి, పైన నూనె ఆధారితమైనా నీటి ఆధారితమైనా పట్టుకునేలా చేస్తుంది. మైనం ఉన్న లక్క వాడితే పాలియురేథేన్ దానిపై సరిగా పట్టదు. స్టెయిన్ స్పిరిట్‌లో కరిగే రకమైతే మాత్రం ఈ ఉపాయం పనికిరాదు; బ్రష్ తగలగానే రంగే లేచివస్తుంది. అన్నట్టు, నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విడదీసి ఆరుబయట ఆరవేయండి.

నూనెగుడ్డ:
రంపం గారి సూచనతో నాకు పేచీ లేదు, ఒక షరతు తప్ప. పైన వేసే నూనె ఆధారిత పాలియురేథేన్‌ను సమాన పాళ్ళ టర్పెంటైన్‌తో పలుచచేసి గుడ్డతో రాస్తే పొర పలుచగా ఉంటుంది, అతుకు అంచు అంతగా కనిపించదు. పూతలు రెట్టింపు కావాలన్నది నిజం. అలాగే మ్యాట్ రకాన్ని అన్ని పూతలకూ వాడవద్దు; మెరుపు తగ్గించడానికి కలిపే సిలికా పొడి పూత పూతకూ పేరుకుని ముదురు రంగుపై బూడిద తెరలా కనిపిస్తుంది. కింది పూతలు నిగనిగలాడే రకంతో వేసి, చివరి పూత మాత్రం మ్యాట్ వేయాలి. డబ్బాను కుదపకుండా అడుగు నుంచి కలపాలి.

చిత్రిక:
నా నిర్ణయం ఇది. స్టెయిన్ వాసన పూర్తిగా పోయాక మైనం తీసిన లక్క ఒక పూత బల్ల అంతటా వేస్తాను. పైభాగానికి నూనె ఆధారిత పాలియురేథేన్ గుడ్డతో ఆరు పూతలు, వేడి పాత్రలు తగలని కాళ్ళకు మరో రెండు పూతల లక్క వేసి మైనంతో రుద్దుతాను.

ఉలి:
కాళ్ళకు మైనం రుద్దే ముందు మరోసారి ఆలోచించండి. ఆ పైన ఏ పూతా పట్టదు. ఎప్పుడైనా మనసు మారితే ముందు ఆ మైనాన్ని టర్పెంటైన్‌తో పూర్తిగా తీసేయవలసి ఉంటుంది.