మొదటి గిటారే ఎలక్ట్రిక్ కొంటే తప్పా?

ఉక్కునగరం నాన్న:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఇంతవరకూ ఏ వాయిద్యమూ ముట్టలేదు. ఆరు నెలలుగా ఎలక్ట్రిక్ గిటారు కావాలని ఒకటే పట్టు. నాకు ఇందులో ఓనమాలు తెలియవు. గాజువాకలో నేర్పే ఒకాయన్ని కలిస్తే, "ముందు ఏడాది అకూస్టిక్ (కరెంటు అక్కర్లేని మామూలు గిటారు) మీద చెయ్యి కుదరాలి, ఎలక్ట్రిక్ సంగతి తర్వాత" అన్నారు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే పిల్ల మొహం వాడిపోయింది. అన్నీ కలిపి 20 వేలు పెట్టగలను. గిటారు, యాంప్ (శబ్దం పెంచే స్పీకరు పెట్టె), వైరు, సంచీ ఒకే పెట్టెలో ఇచ్చే ప్యాక్ ఒకటి షాపులో 11 వేలకు చూపించారు. ఏం చెయ్యమంటారు?

ఎంవీపీ తీగలు:
నేరుగా ఎలక్ట్రిక్ కొనండి. నేను ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను, నలుగురు పిల్లలకు మొదటి గిటారు దగ్గరుండి కొనిపించాను, అందుకే ఇంత ధైర్యంగా చెబుతున్నా.

మొదటి మూడు నెలల్లో పిల్లలు గిటారు మానేసేది వేళ్ళ నొప్పి వల్ల. ఎలక్ట్రిక్ మీద మామూలుగా వచ్చే సెట్‌లో సన్న తీగ 0.009 అంగుళం, లావు తీగ 0.042. అకూస్టిక్‌లో ఎక్కువగా వాడే సెట్ 0.012 నుంచి 0.053 దాకా ఉంటుంది. ఒకే శ్రుతికి బిగిస్తే అకూస్టిక్ తీగల మొత్తం బిగువు దాదాపు రెట్టింపు. పదమూడేళ్ళ పిల్ల వేళ్ళకు ఆ తేడా మొదటి రోజే తెలుస్తుంది. కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే పట్టును కార్డు అంటారు; చూపుడువేలితో తీగలన్నీ నొక్కిపట్టాల్సిన ఎఫ్ కార్డు దగ్గర మరీ తెలుస్తుంది. దానికి తోడు ఎలక్ట్రిక్ నెక్ (వేళ్ళతో తీగలు నొక్కే పొడవాటి మెడ) సన్నగా, బాడీ పల్చగా ఉంటుంది. అకూస్టిక్ పెద్ద పొట్ట మీదుగా చెయ్యి వేసి భుజం ఎత్తి కూర్చునే బాధ ఉండదు.

అసలు సంగతి ఇంకొకటి. ఆ పిల్ల చెవిలో ఉన్న నాదం ఎలక్ట్రిక్‌ది. వీణ కావాలన్న పిల్లకు ఏడాది పాటు వయొలిన్ నేర్పించి, "చెయ్యి కుదిరింది, ఇక వీణ పట్టుకో" అని ఎవరైనా అంటారా? ఇవి రెండూ వేరు వేరు వాయిద్యాలు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్‌ను తలుచుకోండి. నాలుగు జంట తీగల మామూలు మాండలిన్ బదులు ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని, కర్ణాటక సంగీతపు గమకాలన్నీ దాని మీదే పలికించారు. తీగకు కరెంటు తగిలించినంత మాత్రాన సంగీతం మైల పడదు.

మద్దిలపాలెం మేష్టారు:
తీగలు గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. నేను పిల్లలకు నేర్పి బతికేవాణ్ణి. ఎలక్ట్రిక్‌తో వచ్చిన పిల్లలు మొదటి ఆరు నెలలూ ఏం చేస్తారో నా కళ్ళతో చూస్తున్నాను. యాంప్ మీద మరలు తిప్పుతారు. గెయిన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే మర) పెంచుతారు, ఎకో పెడతారు. రెండు తీగల మీద ఒక ముక్క వాయించి, పాట వచ్చేసిందనుకుంటారు. కుడి చేతిలో తాళం ఉండదు. అకూస్టిక్‌లో దాక్కోవడానికి చోటు లేదు. మెల్లగా మీటితే మెల్లగా, గట్టిగా మీటితే గట్టిగా పలుకుతుంది. తప్పు చేస్తే పక్కగదిలో అమ్మకు కూడా వినిపిస్తుంది.

శ్రీనివాస్ గారి పేరు తెచ్చారు. ఆయన్ని ఆయన్ని చేసింది సాధన. ఎలక్ట్రిక్ మాండలిన్ ఎంతమంది దగ్గర లేదు?

ఇంకో మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. మా అపార్టుమెంటు మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని అకూస్టిక్ వాయిస్తే పిల్లలూ పెద్దలూ చుట్టూ చేరి పాడారు. చెట్లన్నీ కూలిపోయి కళ తప్పిన ఊళ్ళో ఆ సాయంత్రాలే మాకు ఊపిరి. పెట్టెలోంచి తీసి వెంటనే పదిమంది మధ్య వాయించగలగడం ఒక వాయిద్యానికి చిన్న గుణం కాదండీ.

ఎంవీపీ తీగలు:
మేష్టారూ, హుద్‌హుద్ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రులు నాకూ గుర్తే.

"దాక్కోవడానికి చోటు లేదు" అన్నారే, అక్కడ మాత్రం ఆగుతాను. గెయిన్ పెంచిన ఎలక్ట్రిక్ మీద అసలు దాక్కోలేం. మీటని తీగ కూడా మోగుతుంది. వేలు జరిపితే కీచుమంటుంది. ఏ తీగ మోగాలో ఆ ఒక్కటే మోగేలా మిగతా అయిదింటినీ అరచెయ్యి అంచుతో, చూపుడువేలి పక్కతో ఆపుతూ ఉండాలి. ఆ పని అకూస్టిక్ మీద ఏడాది చేసినా సరిగ్గా పట్టుబడదు, ఎందుకంటే అక్కడ ఆ రొద అంతగా వినిపించదు. నేను మొదట అకూస్టిక్ మీదే మూడేళ్ళు నేర్చుకున్నాను. ఎలక్ట్రిక్ పట్టుకున్నాక ఆ చెయ్యి మళ్ళీ మొదటి నుంచి దిద్దుకోవలసి వచ్చింది. తీగ వంచి స్వరం ఎత్తడమూ అంతే. లావు తీగల మీద అది కష్టం.

తాళం గురించి మీరన్నది నూటికి నూరు పాళ్ళూ నిజం. కానీ దానికి మందు మెట్రోనోమ్ (టిక్‌టిక్‌మంటూ లయ చూపే పరికరం), పక్కన మీలాంటి గురువు. వాయిద్యం మార్చడం కాదు.

ఏయూ మూడో సంవత్సరం:
అన్నలూ, అకూస్టిక్కా ఎలక్ట్రిక్కా అన్న గొడవలో ఆ 11 వేల ప్యాక్ సంగతి మర్చిపోతున్నారు. నేను అలాంటిదే ఆన్‌లైన్‌లో కొని ఏడాది పోగొట్టుకున్నాను. తీగలు ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీల) మీద ఎంత ఎత్తున ఉన్నాయంటే, పన్నెండో ఫ్రెట్ దగ్గర రూపాయి నాణేలు రెండు దూర్చినా ఇంకా సందు మిగిలేది. తప్పు నా వేళ్ళదే అనుకున్నాను. రోజూ ఏడుపొచ్చేది. పైగా దాని బ్రిడ్జి (బాడీ మీద తీగలు తగిలించే భాగం) స్ప్రింగుల మీద తేలే రకం, తీగల్ని లాక్ చేసే రకం. అందులో ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా అయిదూ జారిపోతాయి, ఎందుకంటే తీగల బిగువూ వెనక స్ప్రింగుల బిగువూ తూకంలో ఉండాలి. కొత్తగా నేర్చుకునేవాడికి శ్రుతి చెయ్యడంతోనే సాయంత్రం అయిపోయేది. చివరికి తెలిసిన అన్న ఒకాయన నా గిటారు పక్కన పెట్టి తనది చేతికిచ్చాడు. నాకు రాదనుకున్న కార్డు ఆ గిటారు మీద మొదటిసారే పలికింది.

బాబాయ్ గారూ, కదలని బ్రిడ్జి ఉన్నదే కొనండి. ఇది మాత్రం నా మాట వినండి.

ఎంవీపీ తీగలు:
తమ్ముడు చెప్పిందే ఈ చర్చ మొత్తానికి ప్రాణం. బ్రాండు కన్నా సెటప్, అంటే తీగల ఎత్తూ నెక్కూ సరిచేసి పెట్టడం, ముఖ్యం. షాపుకు వెళ్ళేటప్పుడు చిన్న స్టీలు స్కేలు జేబులో పెట్టుకోండి. పన్నెండో ఫ్రెట్ పైన లావు తీగ అడుగుకూ ఫ్రెట్‌కూ మధ్య రెండు మిల్లీమీటర్లు, సన్న తీగ దగ్గర ఒకటిన్నర ఉంటే బాగున్నట్టు. తర్వాత ప్రతి తీగా ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి మీటించండి. ఎక్కడైనా చచ్చిన శబ్దం వస్తే బ్రిడ్జి వైపున్న తర్వాతి ఫ్రెట్ లేచి ఉండొచ్చని అర్థం. ఫ్రెట్ల అంచుల మీద వేలు నిమరండి, గుచ్చుకోకూడదు. పన్నెండో ఫ్రెట్ మీద తీగను తాకీ తాకనట్టు మీటితే వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ ట్యూనర్‌లో (శ్రుతి చూపే పరికరంలో) ఒక్కటే చూపించాలి. తేడా ఉంటే బ్రిడ్జి మీద శాడిల్ (తీగ ఆనే చిన్న ముక్క) జరిపి సరిచెయ్యొచ్చు. నెక్ వంగితే లోపలి ట్రస్ రాడ్ (లోహపు కడ్డీ) తిప్పి సరిచేస్తారు. ఇవన్నీ ఒక పూట పని. డబ్బు తీసుకుని చేస్తామంటే సంతోషంగా ఇవ్వండి. "అలాంటివేం అక్కర్లేదు సార్" అన్న షాపులో కొనకండి.

బ్రాండంటారా, యామహా పసిఫికా, ఫెండర్ వాళ్ళ స్క్వయర్, గిబ్సన్ వాళ్ళ ఎపిఫోన్, ఐబనెజ్ జియో, కోర్ట్. వీటిలో మొదటి మెట్టు మోడల్ ఏదైనా మీ పాపకు అయిదారేళ్ళు వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అదే డబ్బుకు ఇంకో మెట్టు పైది వస్తుంది.

సీతమ్మధార సౌండు:
స్టేజీలకు సౌండు పెట్టేవాణ్ణి. ఇంట్లో కరెంటు గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను చెబుతాను.

తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చేది పికప్. ఒంటి కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్ మన 50 హెర్ట్జ్ కరెంటు గుర్రును పట్టుకుంటుంది. ట్యూబులైటు, ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గర కూర్చుంటే మరీను. ఆ గుర్రు పోగొట్టడానికే 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ రెండు కాయిళ్ళు పక్కపక్కనే, ఒకదానికొకటి వ్యతిరేకంగా కలిపి హంబకర్ అనే పికప్ తయారుచేశాడు. రెండు కాయిళ్ళూ పట్టుకున్న గుర్రు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం మిగులుతుంది. పాపకు గట్టి డిస్టార్షన్ (గరుకుగా పగిలినట్టుండే శబ్దం) ఇష్టమైతే బ్రిడ్జి దగ్గర హంబకర్ ఉన్నది చూడండి.

రెండోది ప్రాణానికి సంబంధించింది. ఎలక్ట్రిక్ గిటారు తీగలు బ్రిడ్జి ద్వారా, వైరు ద్వారా యాంప్ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. గోడలో ఎర్త్ లేకపోతే, యాంప్‌లో ఏదైనా లీకేజీ ఉంటే ఆ కరెంటు తీగల మీదికే వస్తుంది. పిల్ల రెండు చేతులూ తీగల మీదే ఉంటాయి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల అడాప్టర్ తగిలించే పని ఎప్పుడూ చెయ్యకండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందు ఎర్త్ చూపించండి.

మూడోది, గిటారును నేరుగా హోమ్ థియేటర్‌కో, ఫోన్‌కో గుచ్చితే శబ్దం పేలవంగా వస్తుంది. పికప్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌కు తగిన ఇన్‌పుట్ వాటికి ఉండదు. హెడ్‌ఫోన్ రంధ్రం ఉన్న పది వాట్ల చిన్న యాంప్ చాలు. రాత్రి పదింటికి కూడా పక్క ఫ్లాట్‌కు వినిపించకుండా సాధన చేసుకోవచ్చు. ఈ వీలు అకూస్టిక్‌కు లేదు మేష్టారూ.

లాసన్స్ బే:
సముద్రానికి దగ్గర్లో ఉంటాం కాబట్టి ఒక్క మాట. మా ఇంట్లో అకూస్టిక్ వానాకాలం తేమకు ఉబ్బి, బ్రిడ్జి వెనక పొట్ట లేచి, తీగలు పైకొచ్చేశాయి. ఎలక్ట్రిక్ గట్టి చెక్క, పైన మందంగా రంగు. దానికా బాధ తక్కువ. అయితే ఉప్పుగాలికి తీగలు మాత్రం రెండింటికీ తుప్పు పడతాయి. వాయించడం అవ్వగానే పొడిగుడ్డతో తీగల పైనా కిందా తుడవండి. పూత వేసిన తీగలు ఖరీదెక్కువే గాని మన ఊళ్ళో ఆ ఖరీదు గిట్టుబాటవుతుంది.

మద్దిలపాలెం మేష్టారు:
హెడ్‌ఫోన్లు మంచివన్నారు. నా భయం వాటి గురించే. పిల్ల గదిలో తలుపేసుకుని ఒక్కతే వాయిస్తుంది, ఒక్కతే వింటుంది. నలుగురి ముందు వాయించే రోజు చెయ్యి వణుకుతుంది. నేను ఎలక్ట్రిక్‌కు శత్రువును కాను. నేనూ వాయిస్తాను. కానీ పాటకు తోడుగా కార్డులు వాయిస్తూ పాడటం అలవడ్డాక ఆ పిల్లకు సంగీతం ఎక్కడికెళ్ళినా తోడుంటుంది. ఆ అలవాటు అకూస్టిక్ ఇచ్చినంత సులువుగా ఎలక్ట్రిక్ ఇవ్వదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఉక్కునగరం నాన్న:
అందరికీ చేతులెత్తి దణ్ణం. ఆదివారం పాపను తీసుకుని షాపుకు వెళ్ళాం. స్కేలు పట్టుకునే వెళ్ళాను. ప్యాక్‌లో గిటారు కొలిస్తే లావు తీగ దగ్గర మూడున్నర మిల్లీమీటర్లు. అక్కడే వదిలేశాం. తెలిసినవాళ్ళ ద్వారా స్క్వయర్ సెకండ్ హ్యాండ్‌ది, కదలని బ్రిడ్జి, ఒకటి చూశాం. ఫ్రెట్లన్నీ మోగాయి. పాపకు అకూస్టిక్ కూడా చేతికిచ్చాను, మేష్టారి మాట మీద గౌరవంతో. రెండు నిమిషాలు పట్టుకుని మర్యాదగా తిరిగిచ్చేసింది. ఎలక్ట్రిక్ యాంప్‌కు తగిలించకుండానే అరగంట ఒళ్ళో పెట్టుకుని వదల్లేదు. అదే తీసుకుంటున్నాం. ఎర్త్ చూడటానికి రేపు ఎలక్ట్రీషియన్ వస్తున్నాడు. మేష్టారూ, ఎలక్ట్రిక్‌తో వస్తే పాపకు నేర్పుతారా?

మద్దిలపాలెం మేష్టారు:
తీసుకురండి బాబూ. మొదటి రెండు నెలలూ యాంప్ మీద గెయిన్ బాగా తక్కువలోనే ఉండాలి, ప్రతి పాఠం చివర మీ ఇంట్లోవాళ్ళ ముందు హెడ్‌ఫోన్ లేకుండా ఒక పాట వాయించాలి. దానికి పాప ఒప్పుకుంటే శనివారం సాయంత్రం అయిదింటికి.

ఉక్కునగరం నాన్న:
ఒప్పుకుంది. ఏ పాట అని అప్పుడే అడుగుతోంది.