"స్నేహితులనియ్యండి"యా, "స్నేహితులు కండి"యా?

అడవిమల్లె: డోర్నకల్ ఎపిఫనీ కెథడ్రల్ (బిషప్పు ప్రధాన చర్చి) చూసి వచ్చాక ఒక వాక్యం నన్ను వదలడం లేదు. తర్వాత డోర్నకల్ బిషప్పైన వి.ఎస్. అజరయ్యగారు 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో చేసిన ప్రసంగం చివరి మాట అది. మా అమ్మమ్మ "మాకు స్నేహితులు కండి" అనేదని గుర్తు. తమ్ముడు "స్నేహితులనియ్యండి" అనే అంటాడు. మీరు ఏది విన్నారు?

పాతపుస్తకాలు: ఇంగ్లీషులో "గివ్ అస్ ఫ్రెండ్స్", అంతే. ప్రసంగంలో దాని పై వాక్యాలు కలిపి చదవండి: బీదల కోసం ఆస్తులిచ్చారు, కాల్చబడడానికి శరీరాలిచ్చారు, ఇక స్నేహితులనియ్యండి. మూడుసార్లూ "ఇచ్చు" ధాతువే. చివర "కండి" పెడితే ఆ కట్టంతా విడిపోతుంది.

కృష్ణఒడ్డు: కట్టు సరే, విన్నవాళ్ళెవరు? ఎదురుగా కూర్చున్నది మిషనరీలూ వాళ్ళను పంపే సంఘాలవాళ్ళూ. సంఘాలతో అంటే "ఇయ్యండి", మిషనరీలతో అంటే "కండి". అమ్మమ్మగారు రెండో అర్థం పట్టుకున్నారు. ఆ ప్రసంగమంతా తెల్ల మిషనరీకీ భారతీయ సేవకుడికీ మధ్య దూరం గురించే కాబట్టి నా ఓటు అమ్మమ్మకే.

పాతపుస్తకాలు: అజరయ్యగారు బైబిల్లోని కొరింథీ మొదటి పత్రిక 13:3 మీద నిలబడి మాట్లాడుతున్నారు. ఆస్తి ఇవ్వడం, కాల్చబడడానికి శరీరం ఇవ్వడం అన్న మాటలు అక్కడివే. ఆ వచనం చివర "ప్రేమ లేనివాడనైతే" అని ఉంది. అందుకే ఆయన ప్రేమ కూడా కావాలన్నాక స్నేహితులను అడిగారు. వచనం వదిలేసి క్రియను మార్చకూడదు.

తీటా: ఆ వచనం దాకా వచ్చారు కాబట్టి, అసలు తగాదా "కాల్చబడుటకు" దగ్గరుంది. చాలా పాత గ్రీకు ప్రతుల్లో అక్కడ "కౌఖేసోమై" ఉంది, అంటే అతిశయించడానికి. "కౌథేసోమై" అయితేనే కాల్చబడడం. థీటా అనే గ్రీకు అక్షరానికి బదులు ఖీ అనే అక్షరం, ముఖ్యమైన తేడా ఆ ఒక్క హల్లే. మన తెలుగు బైబిలు థీటా పక్షం. నాకు ఖీయే సబబు. శరీరం అప్పగించడం కూడా గొప్ప కోసమే అయితే, ప్రేమ లేదన్న మాట ఇంకా గట్టిగా తగులుతుంది.

కృష్ణఒడ్డు: కానీ ఎడింబరోలో వినిపించింది "కాల్చబడడం" పాఠమే. ఖీ పెడితే మిషనరీలను గొప్పలకు పోయారన్నట్టవుతుంది. ఆయన వాళ్ళ త్యాగాన్ని మనసారా ఒప్పుకున్నాకే అడిగారు.

బడిపంతులు: నన్ను ఇబ్బంది పెట్టేది "బడు". తెలుగు నాలుకకు "కాల్చబడుటకు" ఎప్పటికీ పరాయిదే. "కాలిపోవడానికి" అంటే చాలదా?

తీటా: చాలదు. కాలిపోవడం దానంతట జరిగేది. ఇక్కడ ఒకడు అప్పగిస్తే ఇంకొకడు కాలుస్తాడు. ఆ ఇద్దరూ "బడు"లోనే ఉన్నారు.

గబ్బిలంగూడు: మీరంతా క్రియల దగ్గర ఆగిపోయారు. నాకు "స్నేహితులు" దగ్గర కవి జాషువా గుర్తొస్తాడు. కెథడ్రల్ ప్రతిష్ఠ 1939 జనవరి 6, ఎపిఫనీ పండగనాడే. జాషువా కావ్యం "గబ్బిలం" 1941. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలో తలకిందులుగా వేలాడే పిట్టను పిలిచి శివుడికి కబురు పంపుతాడు. వాడికి దొరికిన స్నేహం అది. అదే కాలంలో డోర్నకల్‌లో గుడి మండపంలా రాతి స్తంభాలు, పైన మసీదును తలపించే గుమ్మటాలు కట్టి, అందులోకి మాల మాదిగ విశ్వాసులను తలెత్తుకుని నడిపించారు. నా దృష్టిలో ఆ స్తంభాలే "స్నేహితులనియ్యండి"కి తెలుగు అనువాదం.

పాతపుస్తకాలు: జాషువా అంటే "క్రీస్తు చరిత్ర" చెప్పాలి కదండీ. 1964 కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం దానికే.

గబ్బిలంగూడు: పురస్కారం దానిదే కావచ్చు, గుండె మాత్రం "గబ్బిలం"దే. ఈ మాట నేను వదులుకోను.

బడిపంతులు: "స్నేహితులు" మార్చరాదనడానికి యోహాను 15:15 చాలు: ఇక మిమ్మును దాసులని పిలువక స్నేహితులని పిలుచుచున్నాను. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్లో ఆంగ్లికన్ సంఘపు మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన మనిషి, రెండేళ్ళ ముందు ఆ సభలో నిలబడి దాసుడికీ స్నేహితుడికీ తేడా చూపించాడు. "మిత్రులు" అన్నా "నేస్తాలు" అన్నా ఆ వచనం తెగిపోతుంది.

కృష్ణఒడ్డు: తిరునెల్వేలి నుంచి 1909లో వచ్చి తెలుగు నేర్చుకున్న తమిళుడు ఆయన. తమిళ బైబిల్లో ఆ చోట "స్నేగిదర్"గా వినిపించే మాటే ఉంది. మనసులో ఆ మాటే మెదిలిందని నా నమ్మకం. క్రియ మీద మాత్రం నేను "కండి" వదలను.

దారితెలీదు: మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. చూడాలంటే ఎలా వెళ్ళాలి?

అడవిమల్లె: కాజీపేట–విజయవాడ లైన్లో డోర్నకల్ జంక్షన్. భద్రాచలం రోడ్ బ్రాంచి విడేది అక్కడే. మహబూబాబాద్ జిల్లా, ఖమ్మం నుంచి దగ్గరే. ఇది ఇప్పటికీ ఆరాధన జరిగే చర్చి, 1947 నుంచి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో ఉంది. కాబట్టి అక్కడివాళ్ళను అడిగి లోపలికి వెళ్ళండి, ఆరాధన వేళ ఫొటోలు వద్దు. తొందరపడకుండా ఒక్కో స్తంభం దగ్గరా ఆగి చెక్కడాలు చూడండి. 1945 జనవరి 1న పోయిన అజరయ్యగారి సమాధి కూడా డోర్నకల్లోనే.

తీటా: సీఎస్ఐ ముద్రలో సిలువ, తామర. చుట్టూ "వారందరును ఏకమైయుండవలెను" అన్న యోహాను సువార్త మాట. ఇక్కడ "ఏకమై"యా, "ఒకటై"యా అన్నది నాకు ఎప్పటినుంచో ఉన్న పేచీ.

బడిపంతులు: "ఏకమై"యే. "ఒకటై" అంటే కలిసిపోయి ఎవరి రూపం వాళ్ళకు మిగలదు.

పాతపుస్తకాలు: ఒప్పుకోను. గ్రీకులో అక్కడున్నది "హెన్", అంటే ఒకటే. రేపు వివరంగా రాస్తాను.