గాయాలు మాన్పే మొక్కలు: మొత్తం సారంపై పరిశోధించాలా, ఒక్క రసాయనాన్ని విడదీయాలా?

వనమాలి:
ఈమధ్య పరిశోధనలు రెండు దారుల్లో నడుస్తున్నాయి. కలబంద, సరస్వతి ఆకు లాంటివాటి మొత్తం సారాన్ని హైడ్రోజెల్‌లోనో (నీటిని పట్టి ఉంచే జెల్), నానోఫైబర్‌లోనో (అతిసన్నని పోగు) ఎక్కించేవాళ్లు కొందరు. సరస్వతి ఆకులోని ఏషియాటికోసైడ్, పసుపులోని కర్‌క్యుమిన్ లాంటి ఒక్క పదార్థాన్నే పట్టుకున్నవాళ్లు కొందరు. రోగి దాకా చేరేది ఏ దారి?

రసాయని:
ఒక్క పదార్థమే. సరస్వతి ఆకులో ఏషియాటికోసైడ్ పాళ్లు మొక్క పెరిగిన చోటును, కోసిన కాలాన్ని బట్టి మారిపోతాయి. ఒక బ్యాచ్ పనిచేసి ఇంకోటి చేయకపోతే కారణం చెప్పలేం.

మూలిక:
ఒప్పుకోనండి. గాయాలకు పూసే ఫిల్సువెజ్ అనే మందు జెల్‌లో బర్చ్ చెట్టు బెరడు సారం 10 శాతం, మిగతాది పొద్దుతిరుగుడు నూనె. సారంలో బెట్యులిన్‌దే పెద్ద వాటా అయినా ల్యూపియాల్, ఎరిత్రోడయాల్ లాంటివీ ఉంటాయి. ఎపిడెర్మోలిసిస్ బులోసా (చిన్న రాపిడికే చర్మం బొబ్బలెక్కే జన్యువ్యాధి) ఉన్న 223 మందిపై పరీక్షిస్తే, ఎంచుకున్న గాయం 45 రోజుల్లోపు పూర్తిగా మూసుకున్నది 41.3 శాతం మందిలో. మందులేని జెల్‌తో 28.9. యూరప్ 2022లో, అమెరికా 2023లో అనుమతి ఇచ్చాయి. మీరు చెప్పే కర్‌క్యుమిన్ నీటిలో కరగదు, త్వరగా విచ్ఛిన్నమవుతుంది, పైగా దాని మెరుపు పరీక్షల రీడింగునే తప్పుదోవ పట్టిస్తుంది.

రసాయని:
ఆ 28.9 చూడండి. మందు లేకుండానే అంతమందిలో మానింది. ఏమీ పూయని గాయంతో పోల్చి గెలిచామనే పత్రాలను ఎలా నమ్మాలి?

కణశాల:
అసలు లోపం అక్కడే ఉంది. కణాల పొరపై గీత గీసి చేసే పరీక్షలో సీరమ్ (కణాల పెరుగుదలకు పోసే రక్తద్రవం) 10 శాతం ఉంచితే, కణాలు కదిలి ఖాళీ పూడ్చాయో, సంఖ్య పెరిగి పూడ్చాయో తెలియదు. 1 శాతానికి దించాలి, లేదా మైటోమైసిన్-సితో విభజన ఆపాలి. సారాన్ని కరిగించే ద్రావణి డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకూడదు, కంట్రోల్‌లోనూ (పోలిక కోసం సారం వేయని కణాలు) అంతే పోయాలి.

ఎలుకలతో ఇంకో చిక్కు. వాటి చర్మం కింద ఉండే పలుచని కండర పొర గాయాన్ని లాగి మూసేస్తుంది. మనిషిలో ఆ లాగుడు తక్కువ, కొత్త కణజాలం నిండి పైపొర పాకాలి. అందుకే గాయం చుట్టూ సిలికాన్ రింగు కుట్టాలి, ఊడితే ఆ గాయాన్ని లెక్కలోంచి తీసేయాలి. టానిన్లు (వగరునిచ్చే పదార్థాలు) ఎక్కువున్న సారం పైన చెక్కు కట్టిస్తుంది, ఫోటోలో గాయం చిన్నదైనట్టు కనిపిస్తుంది. కణజాలం కోసి పైపొర పొడవు కొలవనిదే ఫలితం రాయొద్దు.

మూలిక:
ఒప్పుకుంటాను. హెచ్‌పీఎల్‌సీ (ఏ పదార్థం ఎంతుందో కొలిచే పరీక్ష) లేని సారాన్ని నేనూ వెనకేసుకురాను. అయితే రసాయని గారూ, తేల్చాలంటే నాలుగు గుంపులు పెట్టండి: మొత్తం సారం, ఏషియాటికోసైడ్ తీసేసిన సారం, సారంలో ఉన్నంతే శుద్ధ ఏషియాటికోసైడ్, ఉత్త జెల్. రెండో గుంపూ ఉత్త జెల్‌ను దాటితే, మీ ఒక్క పదార్థంతో లెక్క సరిపోదు.